ఇంట్లో ఉన్నదే ముందు వాడుకోవడం: ఏది ఎన్నాళ్లుంటుంది, ఎలా దాచాలి, ఎప్పుడు పారేయాలి

ప్రశ్న క్లుప్తంగా ఇది: వారానికి సరిపడా సరుకులు తెచ్చుకుంటున్నాం, రోజూ వండుకుంటున్నాం. అయినా ఫ్రిజ్ సర్దిన ప్రతిసారీ సగం ఆకుకూర కట్ట, ఎండిపోయిన బ్రెడ్డు, రెండు మూడు గిన్నెల్లో మిగిలిన కూరలు చెత్తబుట్టలోకి పోతున్నాయి. ఇంట్లో ఉన్నవాటినే ముందు వాడేసే పద్ధతి ఏమైనా ఉందా?

ఉంది. మిగిలినవాటితో ఏ వంటకం చేయొచ్చా అని వెతకడం అందరూ చేసేదే. చిక్కు అక్కడే మొదలవుతుంది. వంటకం పేరు ముందు అనుకుంటే ఇంట్లో లేని రెండు మూడు సరుకులు కొనాలి, కొన్న పొట్లంలో సగం వాడి సగం మళ్లీ మిగులుతుంది. అందుకని "ఇవాళ ఏం వండుదాం?" అనే ముందు "ఇవాళ వాడకపోతే మొదట పాడయ్యేది ఏది?" అని చూసుకోండి. అది తేలాక దాని చుట్టూ వంట కుదురుతుంది. ఇది అలవాటు కావాలంటే ఏది ఎన్నాళ్లుంటుందో, ఎందుకు పాడవుతుందో తెలియాలి. అందుకే ఆ వివరాలే ఎక్కువగా ఇస్తున్నాను.

ఇది చిన్న విషయమేమీ కాదు. ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం 2024లో విడుదల చేసిన నివేదిక ప్రకారం 2022లో ప్రపంచవ్యాప్తంగా 105 కోట్ల టన్నుల ఆహారం వృథా అయింది. అందులో 60 శాతం ఇళ్లలోంచి వచ్చిందే. ఇళ్లలో పోయేదే సగటున మనిషికి ఏడాదికి 79 కిలోలు. తొక్కలు, ఎముకల్లాంటి తినని భాగాలూ ఈ లెక్కలో కలిసే ఉన్నాయి, అయినా పెద్ద అంకే.

మొదటి వారం ఏమీ మార్చకండి, పారేసినవి మాత్రం రాయండి. ఫ్రిజ్ తలుపుకి ఒక కాగితం అంటించి ఏది పారేశారో, సుమారుగా ఎంతో, ఎందుకో రాస్తే చాలు. కారణాలు దాదాపు ఎప్పుడూ నాలుగే: ఎక్కువ వండాం, ఎక్కువ కొన్నాం, ఉందని మర్చిపోయాం, సరిగ్గా దాచలేదు. కాగితం మీద ఏ కారణం ఎక్కువసార్లు కనపడుతుందో దాన్నే ముందు పట్టుకోండి. ఎక్కువ వండటమే సమస్య అయిన ఇంట్లో డబ్బాలు, సంచులు కొన్నా లాభం ఉండదు. అక్కడ కావలసింది కొలత. బియ్యమైతే మనిషికి 60 నుంచి 75 గ్రాములు, పాస్తా అయితే 75 నుంచి 100 గ్రాములు తీసుకుని చూడండి. బియ్యం ఉడికాక బరువు దాదాపు మూడింతలవుతుంది, అందుకే చేతి అంచనాతో ఇంకో గుప్పెడు వేస్తే అది గిన్నెలో పెద్ద మిగులుగా తేలుతుంది. మీ ఇంటి ఆకలికి ఆ కొలత తగ్గినా పెరిగినా ఫర్వాలేదు, ఒకే గ్లాసుతో కొలిచి ఆ సంఖ్య గుర్తుపెట్టుకోవడం ముఖ్యం.

మర్చిపోవడానికి మందు ఒక ట్రే. ఫ్రిజ్‌లో కంటి ఎత్తున ఉండే అరలో ముందువైపు ఒక ట్రే పెట్టి, రెండు రోజుల్లో వాడాల్సినవన్నీ అందులోకి చేర్చండి: కోసి సగం వాడిన కూరగాయలు, మూత తీసిన డబ్బాలు, నిన్నటి కూర, మెత్తబడుతున్న టమాటాలు. ఇంట్లో ఎవరు ఫ్రిజ్ తెరిచినా చెయ్యి ముందు ఆ ట్రేలోకే వెళ్లాలి. మిగిలిన వంటలు లోపల ఏముందో కనపడే డబ్బాల్లోనే పెట్టండి, మూతమీద టేపు ముక్క అంటించి తేదీ రాయండి. మూత పెట్టిన స్టీలు గిన్నెలో ఏముందో మూడో రోజుకి ఎవరికీ గుర్తుండదు. సరుకులు తెచ్చుకునే ముందు రోజు వంట ఈ ట్రేలోంచే జరగాలి. కొత్తవి తెచ్చాక పాతవి ముందుకి జరిపి, కొత్తవి వెనక్కి పెట్టండి.

ఇక ఫ్రిజ్ చల్లదనం. లోపల 5 డిగ్రీల సెల్సియస్ దాటకూడదు, 4 ఉంటే ఇంకా మంచిది. బటన్ మీద ఉండే 1, 2, 3 అంకెలు డిగ్రీలు కావు. ఒక గ్లాసు నీళ్లలో థర్మామీటర్ ఉంచి మధ్య అరలో రాత్రంతా పెట్టి పొద్దున చూడండి, అసలు సంగతి తెలుస్తుంది. తలుపు అరలు ఫ్రిజ్‌లో అన్నిటికంటే వెచ్చని చోటు. సాస్‌లు, ఊరబెట్టినవి అక్కడ పెట్టొచ్చు, పాలు మాత్రం లోపలి అరలోకి మార్చండి. ఆ ఒక్క మార్పుతోనే పాలు త్వరగా విరిగిపోవడం తగ్గుతుంది.

కూరగాయలు, పండ్ల దగ్గర రెండు శత్రువులు: ఎథిలీన్ వాయువు, తడి. యాపిల్, అరటి, టమాటా, మామిడి, అవకాడో పండుతున్నప్పుడు ఎథిలీన్ వదులుతాయి. ఆకుకూరలు, కీర దోస, బ్రొకోలీ, క్యారట్లు దానికి తట్టుకోలేవు: ఆకులు పసుపుబారతాయి, క్యారట్లకి చేదు వస్తుంది. ఈ రెండు గుంపుల్నీ ఒకే అరలో పెట్టకండి. ఫ్రిజ్ కింది అరలకి గాలి సర్దే మీట ఉంటే, మూసి ఉంచిన అర ఆకుకూరలకి, తెరిచి ఉంచిన అర పండ్లకి. ఉల్లిపాయలు, బంగాళాదుంపలు రెండూ చీకటి, గాలి ఉన్న చోట ఉండాలి కానీ ఒకే బుట్టలో వద్దు, దుంపల తేమకి ఉల్లిపాయలు మొలకెత్తి మెత్తబడతాయి. బంగాళాదుంప గట్టిగానే ఉండి చిన్న మొలక వస్తే, మొలకనీ దాని చుట్టూ కన్నునీ లోతుగా తీసేసి వాడుకోవచ్చు. తొక్క మీద పచ్చదనం కొద్దిగా ఉంటే మందంగా చెక్కేయండి. పచ్చదనం బాగా పాకినా, రుచి చేదుగా ఉన్నా పారేయండి. ఆ చేదు సొలనైన్ లాంటి విషపదార్థాలది, వండినా పోదు.

ఆకుకూరలు ఎక్కువ వృథా అయ్యేవి కాబట్టి వాటి గురించి కాస్త ఆగి చెప్పాలి. ఆకు పాడవడం రెండు రకాలు, రెండూ ఒకటి కాదు. వడలిపోవడం అంటే కణాల్లో నీరు తగ్గడమే. కాడల చివర ఒక సెంటీమీటరు కోసేసి, బాగా చల్లని నీళ్లలో 20 నుంచి 30 నిమిషాలు ముంచితే చాలావరకు మళ్లీ నిలబడుతుంది. మెత్తబడిన క్యారట్, ముల్లంగి, సెలెరీ కూడా అంతే, కాకపోతే వాటికి నీళ్లలో ఫ్రిజ్‌లో కొన్ని గంటలు కావాలి. జిగటగా, నల్లగా మారి వాసన రావడం కుళ్లు, దానికి నీళ్లు పనిచేయవు. ఆ ఆకులు ఏరి పారేసి మిగతావి వెంటనే వండేయండి, పక్కనున్న ఆకులకి కుళ్లు ఒక రోజులో పాకుతుంది. రాకుండా ఆపాలంటే కట్ట ఇంటికి రాగానే తాడు విప్పండి, దెబ్బతిన్న ఆకులు ఏరేయండి, పొడి గుడ్డలోనో కాగితంలోనో వదులుగా చుట్టి సంచిలో పెట్టండి. గుడ్డ తడిస్తే మార్చండి. కడిగి పెట్టాలనుకుంటే పూర్తిగా ఆరబెట్టాకే పెట్టండి. కడిగిన తడి మీదే సంచిలో కుక్కిన ఆకుకూర కడగని దానికంటే ముందే పోతుంది. కొత్తిమీర, పుదీనాల్లాంటివి కాడలు మునిగేలా గ్లాసులో రెండు అంగుళాల నీళ్లు పోసి నిలబెట్టి, పైన వదులుగా సంచి కప్పండి, నీళ్లు రెండు రోజులకోసారి మార్చండి.

వండిన అన్నం చాలామంది తేలిగ్గా తీసుకునే విషయం, తీసుకోకూడనిది కూడా. బియ్యంలో బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు ఉంటాయి, ఉడికించినా అవి చావవు. అన్నం గోరువెచ్చగా గంటల తరబడి బయట ఉంటే అవి పెరిగి, వాంతులు కలిగించే విషాన్ని తయారుచేస్తాయి. బ్యాక్టీరియా చస్తుందేమో కానీ ఆ విషం మళ్లీ వేడిచేసినా పోదు. కాబట్టి అన్నాన్ని కాపాడేది రెండోసారి వేడిచేయడం కాదు, మొదటిసారి త్వరగా చల్లార్చడం. తినడం అవగానే మిగిలింది వెడల్పాటి పళ్లెంలో రెండు మూడు సెంటీమీటర్ల మందాన పరిస్తే ఇరవై ముప్పై నిమిషాల్లో ఆవిరి పోతుంది. అప్పుడు డబ్బాలో వేసి మూతపెట్టి ఫ్రిజ్‌లో పెట్టండి. బ్రిటన్ ఆహార ప్రమాణాల సంస్థ గంటలోపు చల్లార్చి 24 గంటల్లోపు తినమంటుంది. కొన్ని దేశాల సలహాలు ఇంతకంటే వదులుగా ఉన్నా, అన్నం విషయంలో ఈ గట్టి లెక్కే పాటించడం మేలని నా అభిప్రాయం. అంతలో తినరని తెలిస్తే ఒక్కో మనిషికి సరిపడా పలచటి పొట్లాలుగా చేసి ఫ్రీజర్‌లో పెట్టేయండి.

మిగతా వంటలకి: వండాక రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లోకి చేరాలి, గది వేడి 32 డిగ్రీలు దాటితే ఒక గంటలోపే. 5 నుంచి 60 డిగ్రీల మధ్య బ్యాక్టీరియా వేగంగా పెరుగుతుంది, ఆహారం ఆ మధ్యలో గడిపే సమయాన్ని తగ్గించడమే అసలు పని. పెద్ద గిన్నెతో వేడి పులుసు అలాగే ఫ్రిజ్‌లో పెడితే నడిమధ్యన చల్లబడటానికి గంటలు పడుతుంది, పక్కనున్నవీ వేడెక్కుతాయి. అందుకే ఐదు సెంటీమీటర్లకి మించని లోతున్న డబ్బాల్లోకి పంచండి. మిగిలిన కూరలు మూడు, నాలుగు రోజుల్లో తినేయాలి. వేడిచేసేటప్పుడు ఆ పూటకి కావలసినంతే బయటికి తీసి, లోపలి దాకా 74 డిగ్రీలు వచ్చేలా, ద్రవంగా ఉన్నదైతే కళపెళా మరిగేలా కాచండి. మొత్తం గిన్నె వేడిచేసి మళ్లీ లోపల పెట్టడం, మళ్లీ రేపు అదే చేయడం, ఇదే మిగిలిన కూర రుచినీ భద్రతనీ చెడగొట్టేది. మైక్రోవేవ్‌లో మధ్యలో ఒకసారి కలిపి, చివర ఒకటి రెండు నిమిషాలు మూతతోనే ఉంచండి, లేకపోతే అక్కడక్కడా చల్లని చోట్లు మిగులుతాయి.

ఫ్రీజర్ ఎక్కువమంది ఇళ్లలో ఐస్ ముక్కలకే పరిమితం. మైనస్ 18 డిగ్రీల దగ్గర బ్యాక్టీరియా చావదు, ఆగిపోతుంది. కాబట్టి పాడయ్యేముందు పెట్టాలి, పాడవుతున్నాక కాదు. పచ్చి కూరగాయలు నేరుగా గడ్డకట్టిస్తే ఎంజైములు పనిచేస్తూనే ఉండి రంగు, రుచి పోతాయి. ముందు మరిగే నీళ్లలో వేయాలి: పాలకూర 2 నిమిషాలు, బీన్స్ 3, కాలీఫ్లవర్ 3, క్యారట్ చక్రాలు 2. తీసి వెంటనే ఐసు నీళ్లలో అంతే సేపు ఉంచి, నీరు పూర్తిగా వడకట్టి, పళ్లెంలో విడివిడిగా పరిచి గడ్డకట్టాక సంచిలోకి మార్చండి. ఈ పళ్లెం పని ఎగ్గొడితే అంతా ఒకే రాయిగా మారి, గుప్పెడు కావాలంటే మొత్తం కరిగించాల్సి వస్తుంది. డబ్బాలో ద్రవం పోస్తే పైన రెండు సెంటీమీటర్లు ఖాళీ వదలండి, గడ్డకట్టినప్పుడు వ్యాకోచిస్తుంది. కీర, లెట్యూస్ లాంటి నీటి కూరగాయలు, ఉడికించిన గుడ్డులో తెల్లసొన, ఉడికిన బంగాళాదుంప ముక్కలు ఫ్రీజర్‌కి పనికిరావు. బాగా మగ్గిన అరటిపండ్లు తొక్క తీసి పెట్టండి, తొక్కతో పెడితే తర్వాత వలవడం నరకం. తేదీ ఇక్కడ కూడా రాయాల్సిందే.

ఇప్పుడు వంట. ట్రేలో ఉన్నవి ఏవైనా సరే, మూడు అచ్చుల్లో ఒకదాంట్లో ఇమిడిపోతాయి. మొదటిది సూప్: ఒక ఉల్లిపాయ వేయించి, 500 గ్రాముల కలగలుపు కూరగాయలు, చిక్కదనానికి ఒక బంగాళాదుంప, 900 మిల్లీలీటర్ల నీళ్లు పోసి 20 నిమిషాలు సన్నసెగ మీద ఉడికించి మెదపండి. గట్టివి ముందు, మెత్తవి తర్వాత, ఆకులు చివరి రెండు నిమిషాల్లో. టమాటా, నిమ్మరసం లాంటి పులుపు దుంప మెత్తబడ్డాకే వేయండి. పులుపు ముందే పడితే దుంపలు, గింజలు ఎంతసేపైనా పలుకుగానే ఉంటాయి, చాలామంది "దుంప మంచిది కాదు" అనుకునేది ఇందుకే. రెండోది గుడ్లు: ఆరు గుడ్లకి 250 నుంచి 300 గ్రాముల ఉడికిన కూరగాయలు, మూతపెట్టి సన్నసెగ మీద పది నిమిషాలు. ముక్కల్లో నీరుంటే గుడ్డు నీళ్లు వదిలి విడిపోతుంది, ముందు బాణలిలో తడి ఆరేదాకా వేయించాలి. మూడోది మిగిలిన అన్నం వేయించడం: ఫ్రిజ్‌లో చల్లబడిన అన్నంలో పిండిపదార్థం గట్టిపడి మెతుకు విడివిడిగా వస్తుంది, వేడి అన్నం ముద్దవుతుంది. బాణలి బాగా కాలాక, ఒక్కసారికి ఇద్దరికి సరిపడేంతే వేయండి. అంతకంటే వేస్తే బాణలి చల్లబడి అన్నం వేగడం మానేసి ఆవిరికి ఉడుకుతుంది.

తొక్కలు, కాడలతో స్టాకు, అంటే సూప్‌లకి వాడే కూరగాయల రసం, కాయొచ్చు. క్యారట్ చివరలు, సెలెరీ, కొత్తిమీర కాడలు, పుట్టగొడుగుల కాడలు, ఉల్లి చివరలు ఫ్రీజర్‌లో ఒక సంచిలో పోగేసి, నిండాక మునిగేలా నీళ్లు పోసి 45 నిమిషాల నుంచి గంట కాచి వడకట్టండి. అంతకంటే కాస్తే చేదెక్కుతుంది. క్యాబేజీ, కాలీఫ్లవర్ ముక్కలు ఇందులో వేయకండి, గంధకం వాసన మొత్తానికి పడుతుంది. వాటి కాడలు వేరే వాడుకోవాలి: బ్రొకోలీ కాడ పైనుండే పీచు చెక్కేస్తే లోపలిది పువ్వు కంటే తియ్యగా ఉంటుంది.

బ్రెడ్డు ఫ్రిజ్‌లో పెట్టడం పొరపాటు. గది వేడిలో కంటే ఆ చల్లదనంలోనే అది త్వరగా ఎండి బిరుసెక్కుతుంది. రెండు రోజుల్లో తినేంత బయట ఉంచి మిగతాది ముక్కలుగా ఫ్రీజర్‌లో పెట్టండి, నేరుగా టోస్టర్‌లో వేసుకోవచ్చు. బిరుసెక్కినదాన్ని కొద్దిగా నీళ్లు చిలకరించి 150 డిగ్రీల ఓవెన్‌లో ఐదారు నిమిషాలు ఉంచితే మెత్తబడుతుంది, కానీ వెంటనే తినాలి, రెండోసారి ఇది పనిచేయదు. పుల్లబడిన పెరుగు పిండి కలపడానికి బాగుంటుంది: 240 మిల్లీలీటర్లకి అర టీస్పూను వంట సోడా ఆ పులుపుని విరిచి పిండిని గుల్లగా చేస్తుంది.

చెడిపోయిందనుకున్న వంటని రక్షించడం గురించి రెండు మాటలు. ఉప్పెక్కువైతే బంగాళాదుంప వేస్తే ఉప్పు లాగేస్తుందన్నది నిజం కాదు, దుంప పీల్చేది ఉప్పునీళ్లనే, మిగిలిన పులుసు అంతే ఉప్పగా ఉంటుంది. ఉప్పులేని పదార్థం, నీళ్లు కలిపి మొత్తం పెంచడమే దారి. ఎక్కువైనది ఫ్రీజర్‌లోకి. అడుగంటితే గరిటె పెట్టి గీకకండి, కలపకండి. పైనున్నది మెల్లగా వేరే గిన్నెలోకి వంచి, మాడు వాసన ఉందో లేదో రుచి చూసి అప్పుడు ముందుకెళ్లండి.

వృథా చేయకూడదన్న పట్టుదలతో తినకూడనివి తినకూడదు. ప్యాకెట్ మీద "బెస్ట్ బిఫోర్" అని ఉంటే అది రుచికి గడువు, దాటినా బిస్కెట్లు, పాస్తా, డబ్బా ఆహారాలు చూసి వాడుకోవచ్చు. "యూజ్ బై" అని ఉంటే అది భద్రతకి గడువు, ఆ తేదీ దాటితే వాసన బాగున్నా వద్దు. సాల్మొనెల్లా, లిస్టీరియా లాంటి జబ్బు తెచ్చే బ్యాక్టీరియా ఆహారంలో ఉన్నా వాసన రానక్కర్లేదు, లిస్టీరియా అయితే ఫ్రిజ్ చల్లదనంలో కూడా పెరుగుతుంది. గుడ్డు నీళ్లలో తేలితే పాతదని తెలుస్తుంది, అంతవరకే. మునిగింది కాబట్టి భద్రమని కాదు. బూజు పట్టిన బ్రెడ్డు, మెత్తటి పండ్లు, పెరుగు, వండిన కూర మొత్తం పారేయాలి, కంటికి కనపడేది పైభాగమే, పోగులు లోపలికి దిగి ఉంటాయి. గట్టి చీజ్, క్యారట్, క్యాబేజీ లాంటి వాటికి మచ్చ చుట్టూ, కిందా రెండున్నర సెంటీమీటర్లు కోసేసి మిగతాది వాడొచ్చు. వేరుశనగ, ఇతర గింజలు, ధాన్యాలకి బూజు వస్తే కడగడం, వేయించడం వద్దు. వాటి మీద పెరిగే కొన్ని బూజుల విషం, అఫ్లటాక్సిన్, వంట వేడికి పూర్తిగా పోదు. మిగిలిన వెల్లుల్లిని నూనెలో వేసి బయట ఉంచడం ఇంకా ప్రమాదం: గాలి ఆడని ఆ నూనెలో బొటులిజం అనే తీవ్రమైన జబ్బు తెచ్చే విషం తయారవ్వచ్చు, రుచిలో, వాసనలో తెలియదు. అలాంటి నూనె ఫ్రిజ్‌లో పెట్టి నాలుగు రోజుల్లో వాడేయండి, లేదా గడ్డకట్టించండి.

పిండి, పప్పులకి పురుగు పట్టకుండా ఉండాలంటే తెచ్చిన ప్యాకెట్ నాలుగు రోజులు ఫ్రీజర్‌లో ఉంచితే లోపలున్న గుడ్లు చస్తాయి. బయటికి తీశాక గది వేడికి వచ్చేదాకా విప్పకండి, ముందే విప్పితే చెమ్మ పట్టి గడ్డలు కడుతుంది. తర్వాత గాలి చొరని డబ్బాలోకి. పాత పిండి మీద కొత్తది పోయకుండా, పాతది అయ్యాకే డబ్బా తుడిచి నింపండి.

ఇంత చేసినా మిగిలేవి అరటి తొక్కలు, గుడ్డు పెంకులు, కాఫీ పిప్పి, కుళ్లిన ఆకులు. వాటిని కంపోస్టు చేయండి. ఒక వంతు తడి చెత్తకి రెండు మూడు వంతుల ఎండుటాకులు గానీ, చింపిన అట్టముక్కలు గానీ వేసి కప్పాలి. కంపు వస్తోందంటే తడి ఎక్కువై గాలి ఆడట్లేదని, పొడి వేసి తిరగేయండి. నూనె పడిన వంటలు, మాంసం, పాల పదార్థాలు ఇంటి కంపోస్టు డబ్బాలో వేయొద్దు, ఎలుకలు, ఈగలు చేరతాయి.